పైన ఎండ, లోపల చీకటి



మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకున్న వ్యాపారులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటుంది. పలకలు ఎక్కడివక్కడే ఉంటాయి. వీధిలో కరెంటు పోయిన మరుక్షణం షాపులోనూ పోతుంది. లక్షలు పోసి పెట్టించుకున్నది అవసరానికి పనికిరాకపోతే ఎలా? అమ్మినవాళ్ళను అడిగితే "అది అంతేనండీ" అంటారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం ఏమిటో చెప్పుకోవడానికే ఈ ప్రసంగం.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోవడం యంత్రం లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. వీధిలో తీగ తెగిందనుకోండి. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి చెప్పి సరఫరా ఆపించి స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో మీ మేడ మీద నుంచి కరెంటు బయటికి పారితే, అది ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి నడిచి 415 వోల్టులు కాస్తా 11 వేల వోల్టులై తీగల మీదికి ఎక్కుతుంది. తీగ చల్లగా ఉందనుకుని చేయిపెట్టిన మనిషి ప్రాణం పోతుంది. అందుకని గ్రిడ్‌కు కలిపే ప్రతి సోలార్ ఇన్వర్టర్ గ్రిడ్ కరెంటు ఉందా లేదా అని చూస్తూనే ఉంటుంది. లేదని తెలియగానే తనూ కళ్ళు మూసుకుంటుంది. దీన్ని తప్పించి నడపాలని చూసే ఎలక్ట్రీషియన్లు కొందరు లేకపోలేదు. వాళ్ళను గుమ్మంలోకి రానివ్వకండి.

ఇంకో కారణం కూడా ఉంది. భజనలో ముందు పాడేవాడు ఒకడుంటాడు, వెనక అందుకునేవాళ్ళు ఉంటారు. ముందువాడు ఆపేస్తే వెనకవాళ్ళకు శ్రుతీ తెలియదు, తాళమూ తెలియదు. మామూలు సోలార్ ఇన్వర్టర్ వెనక అందుకునే రకం. సెకనుకు యాభై ఆవృత్తుల లయను గ్రిడ్ నుంచి వింటూ, ఆ లయలోనే తన కరెంటును కలుపుతుంది. గ్రిడ్ మౌనంగా ఉంటే దానికి పాట లేదు. గ్రిడ్ లేనప్పుడు కూడా పని నడవాలంటే ఆ ఆవరణలో ముందు పాడగలది ఒకటి కావాలి. బ్యాటరీతో ఉండే మరో రకం ఇన్వర్టర్ ఆ పని చేస్తుంది. వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని తనే నిలబెడుతుంది, మేడ మీది సోలార్ ఇన్వర్టర్లు దాన్ని అందుకుంటాయి. వీధికీ ఆవరణకూ మధ్య ఒక బ్రేకర్ ఉండి, వీధిలో కరెంటు చెడగానే ఆ రెండింటినీ విడదీస్తుంది. లైన్‌మన్ క్షేమంగా ఉంటాడు, లోపల యంత్రాలు నడుస్తాయి. సొంత ఉత్పత్తి, సొంత నిల్వ, సొంత లోడు, అవసరమైతే విడిపోయి మళ్ళీ కలవగల నేర్పు. ఈ నాలుగూ కలిసిన ఏర్పాటునే మైక్రోగ్రిడ్ అంటున్నారు.

విడిపోవడం తేలికే, నడపడం, తిరిగి కలవడమే పెద్ద పని. ఒక చిక్కు చెబుతాను. గ్రిడ్ లేదు, మిట్టమధ్యాహ్నం, బ్యాటరీ నిండిపోయింది, భోజనాల వేళ కాబట్టి యంత్రాలు ఆగాయి. పైన మాత్రం 50 కిలోవాట్లు దంచికొడుతోంది. ఆ కరెంటు ఎక్కడికి పోవాలి? చాలా వ్యవస్థల్లో దీనికో చిత్రమైన సంకేతం పెట్టారు. బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని యాభై నుంచి కొంచెం పైకి జరుపుతుంది. సోలార్ ఇన్వర్టర్లు ఆ మార్పు గమనించి ఉత్పత్తి తగ్గించుకుంటాయి. మధ్యలో వేరే తీగ అక్కర్లేదు, కబురంతా ఆ కరెంటులోనే నడుస్తుంది. ఇక వీధిలో కరెంటు తిరిగొచ్చినా వెంటనే కలవకూడదు. కాసేపు నిలకడగా ఉందో లేదో చూసి, రెండు వైపులా వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజు సరిపోయిన క్షణంలోనే బ్రేకర్ మూయాలి.

నిజానికి కరెంటు పుట్టిందే ఇలాంటి చిన్న చిన్న గుంపులుగా. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ పెట్టిన పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ చుట్టుపక్కల కొన్ని వీధులకే వెలుగిచ్చింది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో పెట్టిన థర్మల్ స్టేషనూ ఆ నగరం కోసమే. తర్వాత తీగలు కలిశాయి, జిల్లాలు కలిశాయి, రాష్ట్రాలు కలిశాయి. దేశమంతా ఒక్కటే గ్రిడ్ అయింది. దానివల్ల చవకా వచ్చింది, బలమూ వచ్చింది. దాంతోపాటే ఒకచోటి దెబ్బ ఎక్కడో తగలడమూ వచ్చింది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం కూలినప్పుడు చీకట్లో పడ్డవాళ్ళు అరవై కోట్ల పైచిలుకు.

ఇప్పుడు వ్యాపారాల సంగతికి వద్దాం. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మన దేశంలో లేదు, కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో దీవిలో ఉంది. ఆ దీవి నడిమి కొండల్లో కాఫీ తోటల మధ్య అడ్జుంటాస్ అనే చిన్న పట్టణం. అక్కడ కాసా ప్వెబ్లో అనే ప్రజాసంస్థ 1980 నుంచి ఉంది. రాగి గనులు కొండలను తినేయకుండా అడ్డుపడడానికి పుట్టిన సంస్థ అది. 1999లోనే తమ భవనం మీద సోలార్ పలకలు పెట్టుకుంది. అప్పట్లో అదో ముచ్చట మాత్రమే. 2017 సెప్టెంబర్ 20న మారియా తుపాను వచ్చింది. దీవి మొత్తం గ్రిడ్ పడిపోయింది. చివరి ఇంటిదాకా కరెంటు తిరిగి రావడానికి సుమారు పదకొండు నెలలు పట్టింది. ఆ చీకట్లో ఆ ఒక్క భవనంలో లైట్లు వెలిగాయి. జనం ఫోన్లు ఛార్జి చేసుకోవడానికీ, ఊపిరికి సాయపడే వైద్యపరికరాలు నడుపుకోవడానికీ అక్కడికి వచ్చారు.

అంతవరకూ అది సేవ. తర్వాత వాళ్ళు వేసిన ప్రశ్న నాకు ముఖ్యంగా తోస్తుంది. ఊళ్ళో ఇళ్ళకు లాంతర్లు పంచితే సరిపోతుందా? మందుల షాపు మూసేస్తే, బేకరీ మూసేస్తే, ఇనప సామాను కొట్టు మూసేస్తే ఊరు బతుకుతుందా? తుపాను తర్వాత రేకులు, మేకులు కావాలి. ఇన్సులిన్ చల్లగా ఉండాలి. రొట్టె కావాలి. ఊరికి ఊపిరి దుకాణాల్లోనే ఉందని వాళ్ళు గ్రహించారు. చౌకు చుట్టూ ఉన్న పద్నాలుగు వ్యాపారాలను కలిపి మైక్రోగ్రిడ్ కట్టారు. రాక్ క్లైంబర్ అలెక్స్ హోనాల్డ్ పెట్టిన ఫౌండేషన్ డబ్బు సాయం చేసింది. కొన్ని భవనాల పైకప్పుల మీద దాదాపు 190 కిలోవాట్ల పలకలు, వెయ్యి యూనిట్లు దాచుకోగల బ్యాటరీలు. 2023 మార్చిలో ఊరేగింపుతో ప్రారంభించారు.

ఈ ఏర్పాటు ఏ ఒక్క వ్యాపారి సొత్తూ కాదు. వ్యాపారులతో కూడిన లాభాపేక్ష లేని సంఘం దాన్ని చూసుకుంటుంది, వ్యాపారులకు కరెంటు అమ్ముతుంది, వచ్చిన డబ్బుతో మరమ్మతులు చేయిస్తుంది. బేకరీ యజమాని బ్యాటరీల గురించి చదువుకోనక్కర్లేదు, బిల్లు కడితే చాలు. మామూలు రోజుల్లో గ్రిడ్‌కు కలిసే ఉంటారు. గ్రిడ్ మీద కోపం వచ్చి తెగతెంపులు చేసుకున్నవాళ్ళు కాదు. ఈ తెలివే నాకు నచ్చింది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు అదే ఊళ్ళో ఒకటికంటే ఎక్కువ మైక్రోగ్రిడ్లు ఒకదానికొకటి సాయం చేసుకునేలా నడిపే పద్ధతి మీద పనిచేశారు.

కాలిఫోర్నియా ఉత్తర కొసన బ్లూ లేక్ రాంచెరియా అనే ఆదివాసీ తెగది ఇంకో అనుభవం. 2019 అక్టోబర్‌లో కార్చిచ్చు భయంతో కరెంటు కంపెనీయే ఆ ప్రాంతానికి సరఫరా ఆపేసింది. తెగవారి మైక్రోగ్రిడ్ వల్ల వాళ్ళ పెట్రోలు బంకు, హోటలు నడిచాయి. బంకు ముందు కార్లు బారులు తీరాయి. వైద్యపరికరాల మీద ఆధారపడ్డ రోగులకు హోటల్లో గదులిచ్చారు. స్థానిక పత్రికవాళ్ళు కూడా ఆ హోటల్లోనే కూర్చుని మర్నాటి సంచిక తయారుచేసుకున్నారు.

ఇక మన దేశం నుంచి చేదు అనుభవం ఒకటి. బీహార్‌లో జెహానాబాద్ జిల్లా ధర్నై గ్రామం. మూడు దశాబ్దాలకు పైగా కరెంటు లేని ఊరు. 2014 జులైలో గ్రీన్‌పీస్ సంస్థ అక్కడ 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టింది. సుమారు 450 ఇళ్ళకు, 50 దుకాణాలకు వెలుగు వచ్చింది. మాజీ ముఖ్యమంత్రి వచ్చి చూసేసరికి జనం అడిగింది ఏమిటో తెలుసా? మాకు అసలు కరెంటు కావాలి అన్నారు. ఫ్రిజ్ పెట్టుకుంటే మోయలేని కరెంటు వాళ్ళ దృష్టిలో అసలు కరెంటు కాదు. కొద్దిరోజులకే గ్రిడ్ వచ్చింది, ధర కూడా తక్కువ. సోలార్ బ్యాటరీలు చచ్చిపోయాయి, మార్చినవాళ్ళు లేరు. కొన్నేళ్ళకు ఆ ప్రాంగణంలో పశువుల్ని కట్టేశారు. జనాన్ని తప్పుపట్టడానికి లేదు. లోడు పెరుగుతుందన్న ఊహ లేకుండా, గ్రిడ్ వస్తే కలిసి నడిచే దారి లేకుండా కట్టింది ఎవరు కట్టినా అంతే. అదే బీహార్‌లో 2007లో తమ్కుహా గ్రామంలో వరిపొట్టు గ్యాసుతో మొదలైన హస్క్ పవర్ సంస్థ మాత్రం నిలబడింది. పొట్టుకు సోలార్‌ను, బ్యాటరీని కలుపుకుంది, దీపాల దగ్గర ఆగకుండా కొట్లకు, పిండిమరలకు, వెల్డింగ్ షాపులకు కరెంటు అమ్మడం నేర్చుకుంది.

ఇక మనవైపు. మన దగ్గర ఎవరైనా మైక్రోగ్రిడ్ అనగానే ఎన్ని కిలోవాట్లు అని లెక్క మొదలుపెడతారు. ముందు వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఈ పని ఎంతసేపు ఆగితే నష్టం? దీనికి జవాబు వ్యాపారానికీ వ్యాపారానికీ మారుతుంది, ఖర్చంతా ఆ జవాబును బట్టే ఉంటుంది.

భీమవరం వైపు రొయ్యల చెరువులు చూడండి. పగలు నీళ్ళలోని నాచు, సూక్ష్మజీవాలు ఎండలో ప్రాణవాయువు తయారుచేస్తాయి. రాత్రి అవే దాన్ని పీల్చుకుంటాయి. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు అన్నింటికంటే తక్కువ. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే కొద్దిసేపట్లోనే రొయ్యలు నీటిపైకి తేలతాయి. నెలల పెట్టుబడి తెల్లారేసరికి గట్టు మీద ఉంటుంది. ఆక్వా రైతుకు రాయితీ కరెంటు ఉంది కాబట్టి, బిల్లు తగ్గించుకోవడానికి సోలార్ అన్న వాదన అక్కడ చెల్లదు. కావలసింది రాత్రి భరోసా. రెండు హార్స్‌పవర్ ఏరేటర్ సుమారు ఒకటిన్నర కిలోవాట్ తింటుంది. పదింటికి 15 కిలోవాట్లు. రాత్రి ఎనిమిది గంటలూ బ్యాటరీ మీదే నడపాలంటే 120 యూనిట్లు దాచాలి, అది భారీ ఖర్చు. కానీ రాత్రంతా కరెంటు పోయే రోజులు ఏడాదికి ఎన్ని? రెండు గంటల కోతకు 30 యూనిట్లు చాలు. అంతకు మించితే పాత డీజిల్ జనరేటర్ ఎలాగూ గట్టు మీదే ఉంది. ఇంకో మెలకువ: పది మోటార్లూ ఒక్కసారి స్టార్ట్ చేస్తే మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతాయి, ఇన్వర్టర్ చేతులెత్తేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా లేపాలి.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ సంగతి పూర్తిగా వేరు. గోడలకు మందపాటి తొడుగు ఉంటుంది, తలుపులు మూసి ఉంచితే కొన్ని గంటలు కంప్రెసర్ ఆగినా సరుకుకు ఏమీ కాదు. అక్కడ చలే నిల్వ. ఎండ ఉన్నప్పుడు కంప్రెసర్లు గట్టిగా నడిపి గదిని కాస్త ఎక్కువ చల్లబరచుకుంటే, సాయంత్రం వాటిని తగ్గించుకోవచ్చు. బ్యాటరీ చిన్నదైనా చాలు. వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు పగలు ఎండవేళ చవకగా, సాయంత్రం ఖరీదుగా ధర ఉండాలని 2023లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఏ రాష్ట్రంలో ఎంత తేడా అన్నది అక్కడి విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వును బట్టి ఉంటుంది. ఈ తేడా పెరిగేకొద్దీ కోల్డ్ స్టోరేజీ యజమానికి లాభం.

ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌కు ఈ రెండూ వర్తించవు. కరెంటు కాసేపు పోతే కరిగిన ప్లాస్టిక్ యంత్రం గొట్టంలోనే గడ్డకడుతుంది. మళ్ళీ వేడిచేసి, శుభ్రంచేసి, సరైన ముక్క బయటికి రావడానికి గంటలు పడుతుంది. కొద్దిపాటి కోతకు చాలాసేపటి నష్టం. అలాంటిచోట కోత ఎంతసేపన్నది పెద్ద విషయం కాదు, ఎన్నిసార్లన్నదే విషయం. సెకనులో భాగంలో చేతులు మారే ఏర్పాటు కావాలి, బ్యాటరీ పరిమాణం ఆ తర్వాతి సంగతి.

ఇదంతా ఎందుకు, జనరేటర్ ఉందిగా అంటారు. ఉంది. లీటరు డీజిల్‌తో మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు వస్తాయి. లీటరు వందకు దగ్గరగా ఉన్నప్పుడు యూనిట్ దాదాపు 30 రూపాయలు. విద్యుత్ పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు కట్టేదానికి నాలుగు రెట్లు. తక్కువ లోడు మీద నడిపితే ఇంకా ఎక్కువ పడుతుంది. అయినా సరే, జనరేటర్‌ను అమ్మేయమని నేను చెప్పను. అయిదు రోజుల ముసురు పడితే, తుపాను వస్తే ఆఖరి అండ అదే. మైక్రోగ్రిడ్‌లో దాని పని ఏడాదికి కొద్ది గంటలు, అది కూడా నిండు లోడు మీద.

మన దగ్గర పెద్ద కంపెనీలు చెప్పుకునే మాట ఒకటుంది, "మేము వాడేదంతా పునరుత్పాదక విద్యుత్తే" అని. 2022లో వచ్చిన గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు ఒక మెగావాట్‌గా ఉన్న కనీస లోడు హద్దును 100 కిలోవాట్లకు దించాయి. దాంతో మధ్యతరహా పరిశ్రమలు కూడా ఎక్కడో దూరాన ఉన్న సోలార్ క్షేత్రం నుంచి నేరుగా కొనుక్కోవచ్చు. మంచిదే. కర్నూలు ఎండ జీడిమెట్ల బిల్లులో కనిపిస్తుంది. కానీ అది వచ్చేది అవే తీగల మీద, అవే సబ్‌స్టేషన్ల గుండా. ఫీడర్ ట్రిప్ అయితే ఆ పచ్చ కరెంటు కూడా ఆగుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు వారాల పవర్ హాలిడే పెట్టి, నిరంతరం నడిచే పరిశ్రమలను సగం లోడుకే పరిమితం చేసినప్పుడు, ఇతరులకు వారంలో అదనంగా ఇంకో సెలవు పెట్టినప్పుడు, ఆవరణలో సొంత ఉత్పత్తి ఉన్నవాళ్ళకే కాస్త ఊపిరాడింది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో స్తంభాలు నేలకొరిగినప్పుడు కొనుగోలు ఒప్పందాలు ఏం ఆదుకుంటాయి? శుభ్రమైన కరెంటు వేరు, నమ్మకమైన కరెంటు వేరు. రెండూ ఒకచోట దొరకాలంటే అది మన గేటు లోపల ఉండాలి.

గేటు దాటితే మాత్రం చట్టం ఎదురవుతుంది. అడ్జుంటాస్‌లాగా మన పారిశ్రామికవాడలో పది చిన్న యూనిట్లు కలిసి ఒకే మైక్రోగ్రిడ్ పెట్టుకుందామంటే, రోడ్డు దాటి పక్కవాడికి కరెంటు అమ్మడం పంపిణీ కిందికి వస్తుంది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం దానికి లైసెన్సు కావాలి. గ్రామీణ ప్రాంతాలుగా ప్రకటించిన చోట మాత్రమే ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. వాడుకునేవాళ్ళే 26 శాతం వాటా తీసుకుని, ఉత్పత్తిలో 51 శాతమైనా వాడుకుంటే క్యాప్టివ్ ప్లాంట్, అంటే సొంత వాడకపు ప్లాంట్ అనిపించుకోవచ్చు. అయినా తీగల విషయంలో డిస్కం అనుమతులు, వాదనలు తప్పవు. నా అభిప్రాయం అడిగితే, చిన్న పరిశ్రమలకు మైక్రోగ్రిడ్ అందకపోవడానికి బ్యాటరీ ధర కంటే ఇదే పెద్ద అడ్డు. ఒక్కొక్కరూ విడివిడిగా పెట్టుకుంటే అందరూ అవసరానికి మించి బ్యాటరీలు కొనాలి. కలిసి పెట్టుకుంటే ఒకరి విరామం ఇంకొకరి షిఫ్టుకు సరిపోతుంది. ఎస్టేటు సంఘాలు అడగవలసింది సబ్సిడీల కంటే ముందు ఈ అనుమతి.

బ్యాటరీ ధరైతే దిగుతూనే ఉంది. లిథియం బ్యాటరీ ప్యాకు 2010 ప్రాంతంలో ఒక యూనిట్ నిల్వకు వెయ్యి డాలర్లకు పైన ఉండేది. 2024 నాటికి ప్రపంచ సగటు 115 డాలర్లకు వచ్చింది. అది ప్యాకు ఒక్కదాని ధర. ఇన్వర్టర్, బ్రేకర్లు, బిగింపు కలిస్తే మన చేతికి వచ్చేది ఇంకా ఎక్కువే. ఇంకో జాగ్రత్త మన ఎండల గురించి. బ్యాటరీకి వేడి పడదు. రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల షెడ్డు కింద మే నెలలో బ్యాటరీ పెట్టి, పదేళ్ళు రావాలని కోరుకోవడం అత్యాశ. నీడ, గాలి ఆడే గది ఖర్చును మొదటి అంచనాలోనే రాసుకోండి. పలకలకూ వేడి పడదు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి ఉత్పత్తి మూడో వంతు శాతం దాకా తగ్గుతుంది. తీరంలో ఉన్నవాళ్ళు బిగింపుల విషయంలో పిసినారితనం చూపకూడదు. తుపానులో ఎగిరిపోయిన పలక పక్కింటి కిటికీకి కూడా శత్రువే.

మీరు పెట్టించుకోదలిస్తే బేరానికి ముందు ఒక నెల మీ లోడు రాయించుకోండి, గంట గంటకూ. ప్యానెల్ బోర్డులో ఆగకూడని యంత్రాల తీగలు విడిగా తీయించండి. ఏసీలు, సైన్‌బోర్డు దీపాలు ఇటు, సర్వరు, కంప్రెసర్, ఏరేటర్ అటు. చాలాచోట్ల ఈ తీగల సర్దుబాటే అన్నిటికంటే విసుగు పని, అందుకే దాన్ని ఎగ్గొడతారు. బిగింపు అయ్యాక, యంత్రాలన్నీ నడుస్తున్న వేళ అమ్మినవాడిని పక్కన నిలబెట్టుకుని మెయిన్ దించేయించండి. ఎన్ని సెకన్లకు అందుకుందో, ఏ యంత్రం ఆగిందో చూడండి. ఒక గంట అలాగే నడిపించి, మళ్ళీ మెయిన్ ఎక్కించి కలవడం కూడా చూడండి. చీకటి పడ్డాక ఇంకోసారి. ఈ రెండు పరీక్షలూ నెగ్గాకే చివరి వాయిదా ఇస్తామని ఒప్పందంలో ముందే రాయించుకోండి. ఆ షరతు విని వెనక్కి తగ్గేవాడు మీకు అమ్మబోయింది ఉత్త పలకలే.